రోబోటిక్స్ టీమ్‌కి ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్? మీరే తేల్చుకునే పద్ధతి

జూన్‌లో బడులు తెరిచారంటే ఇదే ప్రశ్న మొదలవుతుంది. "సార్, పిల్లలు రోబో పోటీకి వెళ్తామంటున్నారు. పైథాన్ నేర్పించమంటారా, సీ ప్లస్ ప్లస్ నేర్పించమంటారా?" బొబ్బిలి, పాలకొండ, పలాస వైపు నుంచి అటల్ టింకరింగ్ ల్యాబ్ (బడిలో పిల్లలు పరికరాలు తయారుచేసి నేర్చుకునే గది) బాధ్యత మీద పడ్డ ఫిజిక్స్ మాస్టార్లు అడుగుతారు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో కొత్తగా చేరిన పీయూసీ (ఇంటర్‌తో సమానం) పిల్లలు అడుగుతారు. విజయనగరంలో ఇంజినీరింగ్ సెకండియర్‌కి వచ్చి టీమ్ కట్టినవాళ్లు అడుగుతారు. అందరికీ ఒకే జవాబు సరిపోదు. అందుకని ఎవరికి వారు తేల్చుకునే పద్ధతి రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలైతే బ్లాక్స్, అంటే కోడ్ టైపు చేయకుండా తెర మీద ముక్కలు పేర్చే పద్ధతి. ల్యాబ్‌లో ఆర్డుయినో యూనో (రోబోని నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) ఉంటే సీ ప్లస్ ప్లస్. తొమ్మిదో తరగతి, ఆపైన చదువుతూ కోడింగ్‌కి కొత్తవాళ్లయి, చేతిలో రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఉంటే మైక్రోపైథాన్, అంటే చిన్న బోర్డుల కోసం కుదించిన పైథాన్. కెమెరాతో పని ఉంటే మామూలు పైథాన్, దాంతోపాటు మోటార్లకి ఇంకో చిన్న బోర్డు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే అంతర్జాతీయ విద్యార్థుల రోబో పోటీకి వెళ్తుంటే జావా. ఇందులో మీ టీమ్‌కి అచ్చంగా సరిపోయేది ఉంటే సంతోషమే. చాలామందికి ఏదో ఒక మెలిక ఉంటుంది, వాళ్లు కింద చెప్పినవి ఓపిగ్గా చేసి చూడాలి.

ఒక్క సంగతి మాత్రం మొదటి నుంచీ మనసులో పెట్టుకోండి. పోటీ రోజున కోడ్ రాసిన అమ్మాయి జ్వరంతో ఇంట్లో ఉండిపోయిందనుకోండి. మిగతా ఇద్దరు టేబుల్ దగ్గర కూర్చుని పది నిమిషాల్లో కోడ్ సరిచేయగలగాలి. ఆ ఇద్దరికీ ఏది చేతనవుతుందో అదే మీ టీమ్ లాంగ్వేజ్. ఉద్యోగాలకి ఏది మంచిది, ఇంటర్నెట్‌లో దేని గురించి గొప్పగా చెబుతున్నారు అన్నవి ఈ నిర్ణయానికి అక్కర్లేదు. ఒక లాంగ్వేజ్ బాగా వచ్చిన పిల్లలకి రెండోది తర్వాత త్వరగానే పట్టుబడుతుంది.

కావలసినవి

- మీరు వెళ్లబోయే పోటీకి ఈ ఏడాది రూల్ బుక్. పోయినేడాదిది చూసి మోసపోకండి.
- మీ దగ్గర ఇప్పటికే ఉన్న బోర్డులన్నీ, అల్మారాలో అట్టపెట్టె విప్పనివి కూడా.
- ఒక ల్యాప్‌టాప్, డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుళ్లు రెండు. ఫోన్‌తో వచ్చే కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి. వాటితో బోర్డు మీద లైటు వెలుగుతుంది గానీ ల్యాప్‌టాప్‌లో పోర్టు కనిపించదు. మంచి కేబుల్‌కి రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.
- రెండు మోటార్ల బండి, మోటార్ డ్రైవర్ (బోర్డు చెప్పినట్టు మోటార్లకి కరెంటు ఇచ్చేది), అల్ట్రాసానిక్ సెన్సర్ (ధ్వనితో దూరం కొలిచేది), బ్యాటరీ, స్కేలు.
- ఒక నోట్‌బుక్, రెండు వారాల సాయంత్రాలు.

బోర్డు ఇంకా కొనకపోతే మూడో మెట్టు అయ్యేదాకా కొనకండి. మన దగ్గర కాలిపోయిన బోర్డుకి బదులు ఇంకోటి సాయంత్రంలోగా దొరకడం కష్టం. విశాఖ వెళ్లాలి, లేదంటే కొరియర్ కోసం ఎదురుచూడాలి. అందుకే ఏది ఎంచుకున్నా రెండు కొనే స్థోమత ఉన్న బోర్డునే ఎంచుకోండి. ఒక ఖరీదైన బోర్డు కంటే రెండు మామూలు బోర్డులు నయం.

1. రూల్ బుక్ చదవండి

ఇది ఐదు నిమిషాల పనే గానీ ఎక్కువమంది దాటేస్తారు. రూల్ బుక్‌లో మూడు విషయాలు వెతకండి: ఏ కంట్రోలర్ వాడొచ్చు, ఏ సాఫ్ట్‌వేర్ వాడొచ్చు, పోటీ మధ్యలో కోడ్ మార్చనిస్తారా.

కొన్నిచోట్ల నిర్ణయం మీ చేతిలో ఉండదు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో జావా, లేదా దానికి సంబంధించిన బ్లాక్స్ వాడాలి. లెగో స్పైక్ ప్రైమ్ కిట్‌లో బ్లాక్స్, పైథాన్ రెండూ ఉన్నాయి. వెక్స్ వీ5లో బ్లాక్స్, పైథాన్, సీ ప్లస్ ప్లస్ మూడూ నడుస్తాయి. ఐఐటీ బొంబాయి వాళ్ల ఈ-యంత్ర పోటీలో మీకు వచ్చిన థీమ్‌ని బట్టి ఏం వాడాలో వాళ్లే చెబుతారు. అలా ఒకటే రాసి ఉంటే చర్చ అక్కడితో అయిపోయినట్టే. ఆ లాంగ్వేజ్‌నే ఖాయం చేసుకుని ఏడో మెట్టుకి వెళ్లండి.

కాలేజీ టెక్ ఫెస్టుల్లో జరిగే లైన్ ఫాలోయర్ (గీత వెంట నడిచే బండి), రోబో సాకర్ లాంటి వాటిలో సాధారణంగా బండి కొలతలు, బరువు, బ్యాటరీ వోల్టేజీ మీద నిబంధనలు ఉంటాయి గానీ లాంగ్వేజ్ మీద ఉండవు. మీకు స్వేచ్ఛ దొరికేది అక్కడే.

2. బోర్డు ఏది మోయగలదో చూడండి

పైథానా, సీ ప్లస్ ప్లసా అన్న వాదన మొదలయ్యే ముందు బోర్డు మీద రాసి ఉన్న పేరు చదవండి. సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

ఆర్డుయినో యూనో ఆర్3, నానో: వీటిలో ప్రోగ్రామ్ దాచుకోవడానికి 32 కేబీ, నడుస్తున్నప్పుడు వాడుకోవడానికి 2 కేబీ మెమరీ ఉంటాయి. మైక్రోపైథాన్ ఇందులో పట్టదు. కాబట్టి సీ ప్లస్ ప్లస్, లేదా సీ ప్లస్ ప్లస్‌గా మారే బ్లాక్స్. "యూట్యూబ్‌లో యూనోని పైథాన్‌తో నడిపించారు కదా సార్" అని పిల్లలు అడుగుతారు. ఆ వీడియోల్లో పైథాన్ నడిచేది ల్యాప్‌టాప్‌లో. యూనో కేబుల్ గుండా వచ్చిన ఆజ్ఞలు పాటిస్తుందంతే. కేబుల్ పీకితే బండి ఆగిపోతుంది. ప్రదర్శనకి బాగుంటుంది, పోటీకి పనికిరాదు.

రాస్ప్‌బెర్రీ పై పికో: 264 కేబీ మెమరీ, అంటే యూనోకి వంద రెట్ల పైనే. మైక్రోపైథాన్ హాయిగా నడుస్తుంది, సీ ప్లస్ ప్లస్ కూడా నడుస్తుంది. కొత్త టీమ్‌కి నేను ఎక్కువగా చెప్పేది ఈ బోర్డే.

ఈఎస్‌పీ 32: ఇందులోనూ రెండు లాంగ్వేజ్‌లూ నడుస్తాయి. వైఫై, బ్లూటూత్ బోర్డులోనే ఉంటాయి కాబట్టి ఫోన్‌తో నడిపే బండికి ఇది వీలుగా ఉంటుంది.

మైక్రోబిట్: బ్లాక్స్‌తో మొదలుపెట్టి, అదే బోర్డు మీద పైథాన్‌కి వెళ్లొచ్చు. చిన్న తరగతులకి చాలా మంచిది.

రాస్ప్‌బెర్రీ పై 4, 5: ఇవి నిజానికి చిన్న కంప్యూటర్లు. కెమెరాతో రంగులు గుర్తుపట్టాలంటే ఇవి, పైథాన్, ఓపెన్‌సీవీ (బొమ్మల్ని పరిశీలించే లైబ్రరీ). కానీ బండి స్విచ్ వేసిన వెంటనే ఇవి సిద్ధం కావు, లినక్స్ బూట్ అయ్యేదాకా ఆగాలి. షట్‌డౌన్ చేయకుండా కరెంటు తీసేస్తే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. కరెంటు కోతలున్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. కార్డుకి ఒక నకలు తీసి జేబులో పెట్టుకోండి.

జాగ్రత్త: యూనో 5 వోల్టుల బోర్డు, పికో, ఈఎస్‌పీ 32 మాత్రం 3.3 వోల్టులవి. మామూలు హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసానిక్ సెన్సర్ ఎకో పిన్ నుంచి 5 వోల్టులు వస్తాయి. నేరుగా కలిపితే బోర్డు పిన్ పాడు కావచ్చు. సెన్సర్ ఎకో నుంచి బోర్డు పిన్‌కి 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఆ పిన్ నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. యూనోలో పనిచేసిన వైరింగ్‌ని యథాతథంగా పికోకి మార్చడం వల్లే ఎక్కువ బోర్డులు పోతాయి.

ఇంకో మాట. మీ ల్యాబ్‌లో రెండు యూనోలు, ఒక ఈఎస్‌పీ, ఎవరో ఇచ్చిన ఒక పికో కలగాపులగంగా ఉంటే సీ ప్లస్ ప్లస్ వైపు మొగ్గండి. కోడ్ రాసి బోర్డుకి ఎక్కించే ఆర్డుయినో ఐడీఈ సాఫ్ట్‌వేర్ ఒక్కదాంతోనే ఆ మూడింటికీ రాయొచ్చు. నేర్చుకున్నది ఏ బోర్డు చేతికొచ్చినా పనికొస్తుంది.

3. టీమ్‌లో ఎవరెవరున్నారో కాగితం మీద పెట్టండి

నోట్‌బుక్‌లో ఒక్కో సభ్యుడికి ఒక్కో వరస. పేరు, తరగతి, ఇప్పటికే ఏం వచ్చు, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందా, వచ్చే ఏడాది ఇక్కడే ఉంటారా. ఐదు గడులు చాలు.

చివరి గడి దగ్గర కాస్త ఆగండి. బడి టీమ్‌లో బాగా చేసేవాళ్లు సాధారణంగా పదో తరగతి పిల్లలు. వాళ్లు మార్చిలో పరీక్షలు రాసి వెళ్లిపోతారు. వాళ్లకి తెలిసిన లాంగ్వేజ్‌ని బట్టి నిర్ణయిస్తే, జూన్‌లో తొమ్మిదో తరగతివాళ్లు ఎవరికీ అర్థంకాని కోడ్ ముందు కూర్చుంటారు. బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని చూసి నిర్ణయించండి. ట్రిపుల్ ఐటీలో పరిస్థితి వేరు. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకే క్యాంపస్. అక్కడ సీనియర్ కూర్చోబెట్టి నేర్పే వీలుంది కాబట్టి కాస్త కష్టమైన దారి పట్టినా ఫర్వాలేదు.

"ఇప్పటికే ఏం వచ్చు" అన్న గడి నిజాయితీగా నింపండి. సీబీఎస్‌ఈ బడుల్లో 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్ పైథాన్‌లోనే ఉంటుంది, ఆ సబ్జెక్టు తీసుకున్న పిల్లలకి మైక్రోపైథాన్ త్వరగా పట్టుబడుతుంది. ఇంజినీరింగ్‌లో ఫస్టియర్ సీ చదివినవాళ్లు ఆర్డుయినో కోడ్ చూసి బెదరరు. "ఆన్‌లైన్ కోర్సు చేశాను" అన్న పిల్లవాడి చేత అక్కడికక్కడే ఒక ఎల్ఈడీ బ్లింక్ చేయించండి. చేస్తే వచ్చినట్టు.

నేర్పేవాళ్ల సంగతి కూడా రాయండి. మీకు సీ వచ్చు, పైథాన్ రాదనుకుంటే, సీ ప్లస్ ప్లస్‌కి అది పెద్ద బలం. పిల్లలు ఇరుక్కున్నప్పుడు పక్కన నిలబడేది మీరే కదా.

ఎర్రర్ మెసేజ్‌లన్నీ ఇంగ్లిష్‌లోనే వస్తాయి. అవి చూడగానే తెలుగు మీడియంలో చదివిన పిల్లలు తప్పు తమదేనని బిక్కమొహం వేస్తారు. దీనికి విరుగుడు ఉంది. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ దాన్ని నోట్‌బుక్‌లో ఒకవైపు రాసి, రెండోవైపు "ఏం చేస్తే పోయింది" అన్నది తెలుగులో రాయించండి. కోడ్‌లో కామెంట్లు తెలుగులోనే పెట్టొచ్చు, ఆర్డుయినో ఐడీఈ 2, మైక్రోపైథాన్ రాసుకునే థానీ రెండూ తెలుగు లిపిని తీసుకుంటాయి. వేరియబుల్ పేర్లు కూడా దూరం, వేగం, కుడి, ఎడమ అని ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోనివ్వండి. ఏది ఏమిటో పిల్లలకి వెంటనే తెలుస్తుంది.

4. రెండు మిగిల్చుకోండి

ఇప్పటికి మీ దగ్గర రెండు లాంగ్వేజ్‌లు మాత్రమే మిగలాలి. మూడు మిగిలితే టీమ్‌లో ఎవరికీ రానిదాన్ని కొట్టేయండి. ఒకటే మిగిలితే దానితోనే కింది పరీక్ష చేయండి, అది కూడా నెగ్గాలి కదా.

5. ఇద్దరి చేత ఒకే పని చేయించండి

టీమ్‌ని రెండు జట్లు చేయండి. ఒక జట్టు ఒక లాంగ్వేజ్, రెండోది ఇంకోటి. పని ఒకటే: బండి ముందుకు వెళ్లాలి, ఎదురుగా 20 సెంటీమీటర్ల లోపు అడ్డం కనిపిస్తే ఆగాలి, కుడికి తిరగాలి, మళ్లీ ముందుకు సాగాలి. వారం గడువు. కోడ్ పిల్లలే రాయాలి. వెతుక్కోవచ్చు, అడగొచ్చు, కానీ ప్రతి లైనూ ఎందుకుందో చెప్పగలగాలి. చాట్‌బాట్ చేత రాయించుకున్నా ఇదే నియమం.

బండి ఒక్కటే ఉంటే సిమ్యులేటర్ వాడండి. యూనోకి టింకర్‌క్యాడ్ సర్క్యూట్స్, పికో, ఈఎస్‌పీ 32కి వోక్వీ. రెండూ బ్రౌజర్‌లో నడుస్తాయి. తర్వాత వంతులవారీగా బండి ఇవ్వండి.

జాగ్రత్త: మొదటిసారి అప్‌లోడ్ చేసేటప్పుడు చక్రాలు నేలకి తగలకుండా బండిని డబ్బా మీద ఎత్తి పెట్టండి. లేకపోతే టేబుల్ మీద నుంచి దూకుతుంది. లిథియం సెల్స్ వాడుతుంటే ఛార్జింగ్ పెట్టి గది తాళం వేసి వెళ్లిపోవద్దు.

ఈ చిన్న పనిలోనే ఒక ఉచ్చు ఉంది, అది మంచిదే. సెన్సర్‌కి ప్రతిధ్వని అందనప్పుడు ఆర్డుయినోలో పల్స్ కొలిచే ఫంక్షన్ 0 ఇస్తుంది. మైక్రోపైథాన్‌లో అదే పని చేసే ఫంక్షన్ మైనస్ సంఖ్య ఇస్తుంది. పిల్లలు "దూరం 20 కంటే తక్కువైతే ఆగు" అని మాత్రమే రాస్తారు. 0 కూడా 20 కంటే తక్కువే, మైనస్ కూడా తక్కువే. ఎదురుగా ఏమీ లేకపోయినా బండి ఠక్కున ఆగిపోతుంది. పైగా రెండింట్లోనూ ఆ ఫంక్షన్ మామూలుగా ఒక సెకను దాకా ఎదురుచూస్తుంది. ఆ సెకనులో బండి గుడ్డిగా పోతుంది. గడువు 25 మిల్లీసెకన్లు పెడితే చాలు, ఆ సమయంలో ధ్వని నాలుగు మీటర్ల పైచిలుకు దూరం వెళ్లి తిరిగి రాగలదు. ఈ ఉచ్చుని ఏ జట్టు తనంతట తాను కనిపెట్టిందో చూడండి. ఆ లాంగ్వేజ్‌లో విలువల్ని తెర మీద చూసుకుంటూ వెతకడం వాళ్లకి తేలికైందన్నమాట. లాంగ్వేజ్ కుదిరిందనడానికి నాకు దీన్ని మించిన గుర్తు కనిపించలేదు.

6. ఫలితం ఇలా పరీక్షించండి

వారం గడిచాక రెండు బండ్లకీ కింది నాలుగు పరీక్షలు పెట్టండి. ఎవరి బండి వేగంగా వెళ్లిందన్నది లెక్కలోకి తీసుకోవద్దు.

కేబుల్ పరీక్ష. ల్యాప్‌టాప్ మూసేయండి, కేబుల్ తీసేయండి, బ్యాటరీ స్విచ్ వేయండి. బండి తనంతట తాను బయలుదేరాలి. ఆపి మళ్లీ వేసినా బయలుదేరాలి.

కుర్చీ మార్పు. రాసిన పిల్లల్ని గది బయటికి పంపించి, రెండో జట్టువాళ్లని ఈ కోడ్ ముందు కూర్చోబెట్టండి. "20కి బదులు 30 చెయ్యండి, కుడికి బదులు ఎడమకి తిప్పండి." పది నిమిషాలు. అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. రెండు జట్లూ అవతలివాళ్ల కోడ్ మార్చడానికి కూర్చున్నప్పుడు ఎవరు తేలిగ్గా మార్చారో, ఎవరు నోరెళ్లబెట్టారో మీకే కనిపిస్తుంది.

రెండు నిమిషాల పరీక్ష. బండిని రెండు నిమిషాలు ఆపకుండా తిరగనివ్వండి. పది సెకన్లు బాగా తిరిగింది కదా అని ఆపేయకండి. ఎందుకో ఎనిమిదో మెట్టులో చెబుతాను.

స్కేలు పరీక్ష. 10, 20, 40 సెంటీమీటర్ల దగ్గర అట్ట ముక్క నిలబెట్టి, తెర మీద కనిపించే దూరం నోట్ చేయండి. సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల తేడా ఫర్వాలేదు. దూరం రెట్టింపు చూపిస్తే ధ్వని వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని రెండుతో భాగించడం మర్చిపోయారు.

కుర్చీ మార్పులో నెగ్గిన లాంగ్వేజ్‌నే తీసుకోండి. మిగతా మూడూ సరిచేసుకోగలిగే తప్పులు. రెండూ సమానంగా నిలిస్తే, వచ్చే ఏడాది ఉండే పిల్లలకి ఏది ఇష్టమో అడిగి అదే పెట్టండి.

7. ఖాయం చేసి, ఇంటర్నెట్ లేకుండా నడిచేలా చేసుకోండి

నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి: బోర్డు పేరు, లాంగ్వేజ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, వాడిన లైబ్రరీల పేర్లు, వెర్షన్లు. ఆ తర్వాత "అప్‌డేట్ చేయమంటోంది సార్" అన్నా పోటీ అయ్యేదాకా చేయవద్దు.

ఈఎస్‌పీ 32కి ఆర్డుయినో ఐడీఈలో వేసుకునే బోర్డు ప్యాకేజీ వందల ఎంబీ ఉంటుంది. పోటీ హాల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకుందామంటే కుదరదు. ఇంటి దగ్గరే దించి, ఒకసారి ఇంటర్నెట్ ఆపేసి, కంపైల్ అవుతోందో లేదో, అంటే కోడ్ బోర్డుకి అర్థమయ్యే రూపంలోకి మారుతోందో లేదో చూసుకోండి. రెండో ల్యాప్‌టాప్‌లో కూడా ఇదంతా వేయండి. కోడ్ నకలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, టీచర్ ఫోన్‌లో ఒకటి.

8. పిల్లలు ఎక్కువగా ఎక్కడ చిక్కుకుంటారు

సీ ప్లస్ ప్లస్‌లో

బండి అర నిమిషం బ్రహ్మాండంగా తిరిగి, ఆ తర్వాత పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తోందా? మిల్లీస్ (బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే ఫంక్షన్) విలువని ఇంట్ అనే చిన్న పూర్ణసంఖ్య రకంలో దాచి ఉంటారు. యూనోలో ఇంట్ 32,767 దాకానే పడుతుంది. మిల్లీసెకన్లలో అది 32 సెకన్ల పైచిలుకు. అది దాటగానే మైనస్‌లోకి వెళ్లి లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే అన్‌సైన్డ్ లాంగ్ వాడాలి. రెండు నిమిషాల పరీక్ష పెట్టమన్నది ఇందుకే. బల్ల మీద పది సెకన్ల ట్రయల్స్ అన్నీ నెగ్గి, పోటీ ట్రాక్ మీద సగంలో చెడిపోయే బండ్లలో ఇదొక పెద్ద కారణం.

5ని 2తో భాగిస్తే 2 వస్తోందా? రెండూ పూర్ణసంఖ్యలైతే సీ ప్లస్ ప్లస్ అంతే ఇస్తుంది. 2.0 అని రాయండి. ఇఫ్‌లో రెండు ఈక్వల్స్‌కి బదులు ఒకటే పెడితే ఎర్రర్ రాకుండానే తప్పు జరుగుతుంది, కాబట్టి అది కంటితోనే వెతకాలి.

డిలే (కాసేపు ఆగమనే ఆజ్ఞ) ఎక్కువగా వాడితే ఆ కాసేపూ బండికి కళ్లు మూసినట్టే, సెన్సర్ చదవదు.

అప్‌లోడ్ కావడం లేదా? బ్లూటూత్ మాడ్యూల్ 0, 1 పిన్లకి తగిలించి ఉంటే తీసేసి అప్‌లోడ్ చేయండి, తర్వాత మళ్లీ పెట్టండి. చవక యూనోల్లో యూఎస్‌బీ చిప్ వేరేది ఉంటుంది, విండోస్‌లో సీహెచ్340 డ్రైవర్ వేస్తేనే పోర్టు కనిపించవచ్చు. కొన్ని ఈఎస్‌పీ 32 బోర్డులకి "కనెక్టింగ్" అని వస్తున్నప్పుడు బూట్ బటన్ నొక్కి పట్టుకోవాలి.

మైక్రోపైథాన్‌లో

"ల్యాప్‌టాప్‌కి పెడితే నడుస్తుంది, తీస్తే నడవదు. ఏటి చెయ్యాలి సార్?" దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే. ఫైలు పేరు మెయిన్ డాట్ పీవై అని లేదు, లేదా ఆ ఫైలు బోర్డులో కాకుండా ల్యాప్‌టాప్‌లో సేవ్ అయింది. థానీలో సేవ్ నొక్కినప్పుడు రెండు చోట్లు చూపిస్తుంది, బోర్డునే ఎంచుకోవాలి. స్విచ్ వేయగానే బోర్డు ఆ పేరు కోసం వెతుకుతుంది.

ఇండెంటేషన్ ఎర్రర్ వస్తే చాలాసార్లు ఒక లైనులో ట్యాబ్, ఇంకో లైనులో స్పేస్‌లు ఉంటాయి. వాట్సాప్‌లో పంపుకున్న కోడ్‌ని కాపీ చేస్తే ఇది తరచూ వస్తుంది. ఫైలుగానే పంపుకోమనండి.

పైథాన్‌లో పేరు తప్పుగా టైపు చేసినా ఆ లైను దాకా వెళ్తేనే బయటపడుతుంది. అడ్డం కనిపించినప్పుడే నడిచే భాగంలో తప్పుంటే, అడ్డం వచ్చేదాకా అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకని కోడ్‌లోని ప్రతి దారీ కనీసం ఒకసారి నడిచేలా పరీక్షించండి. సీ ప్లస్ ప్లస్ అయితే ఇలాంటి తప్పుల్ని కంపైల్ దగ్గరే పట్టుకుంటుంది, అది దాని బలం.

పికోలో మొదటిసారి మైక్రోపైథాన్ వేయడానికి బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెట్టాలి. పెన్‌డ్రైవ్‌లాగా కనిపిస్తుంది, ఫైలు అందులో పడేస్తే సరి. ఇక ఈఎస్‌పీ 32లో 34 నుంచి 39 దాకా ఉన్న పిన్లు చదవడానికే. వాటికి మోటార్ డ్రైవర్ కలిపితే ఎంత రాసినా చక్రం తిరగదు.

బ్లాక్స్‌లో

పిక్టోబ్లాక్స్, ఎంబ్లాక్ లాంటివాటిలో రెండు పద్ధతులుంటాయి. ఒకటి కేబుల్ ఉన్నంతసేపే నడిచేది, రెండోది బోర్డులోకి అప్‌లోడ్ అయ్యేది. పోటీకి రెండోదే కావాలి. కొన్ని బ్లాక్స్ అప్‌లోడ్ పద్ధతిలో పనిచేయవు, కాబట్టి మొదటి రోజు నుంచే అప్‌లోడ్ పద్ధతిలో పెట్టి నేర్పండి. బ్లాక్స్ అంటే చిన్నతనం అనుకునే పిల్లలకి పక్కన కనిపించే కోడ్ చూపించండి, ఏ బ్లాక్ ఏ లైనుగా మారిందో వాళ్లే చదువుకుంటారు.

లాంగ్వేజ్ తప్పు కానివి

మోటార్ తిరగగానే బోర్డు రీసెట్ అవుతోందంటే చాలావరకు అది కరెంటు చాలకపోవడమే. మోటార్లకి వేరే బ్యాటరీ పెట్టి, రెండింటి గ్రౌండ్ తీగలూ కలపండి. గ్రౌండ్ కలపడం మర్చిపోయి, కోడ్‌లో తప్పుందని లాంగ్వేజ్ మార్చేసే టీమ్‌లు ఉంటాయి. లాంగ్వేజ్ మార్చాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ముందు తీగలు చూడండి.

మీ పరిస్థితి వేరైతే

ల్యాప్‌టాప్ ఒక్కటే ఉండి పిల్లలు పదిమంది ఉంటే: ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆర్డుయినోడ్రాయిడ్ యాప్, ఓటీజీ కేబుల్‌తో యూనోకి కోడ్ ఎక్కించొచ్చు. చిన్న తెర మీద టైపు చేయడం విసుగే, కానీ ఇంట్లో సాధన చేయడానికి అది చాలు.

కెమెరా, వేగమైన మోటార్లు రెండూ కావాలంటే: రాస్ప్‌బెర్రీ పైలో పైథాన్, యూనోలో సీ ప్లస్ ప్లస్, మధ్యలో యూఎస్‌బీ కేబుల్. రాస్ప్‌బెర్రీ పై నుంచి యూనోకి "ఎడమ", "కుడి", "ఆగు" ఒక్కోదానికి ఒక్కో అక్షరం పంపితే చాలు. అర సెకను దాకా ఏ అక్షరమూ రాకపోతే మోటార్లు ఆపేసేలా యూనోలో రాయండి, రాస్ప్‌బెర్రీ పై మధ్యలో ఆగిపోయినా బండి గోడకి గుద్దుకోదు. రెండు లాంగ్వేజ్‌లు చూసుకోవడానికి ఇద్దరిద్దరు చొప్పున నలుగురు కావాలి. అంతమంది లేకపోతే దీని జోలికి వెళ్లకండి.

ఆర్ఓఎస్ (రోబోల కోసం వాడే పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థ) నేర్చుకోవాలని ఇంజినీరింగ్ పిల్లలు అడుగుతుంటారు. పోటీ థీమ్ అడిగితే తప్పదు, నేర్చుకోండి. లైన్ ఫాలోయర్‌కి మాత్రం అవసరం లేదు.

సీజన్ మధ్యలో లాంగ్వేజ్ మార్చాలనిపిస్తే: పోటీకి నెల కంటే తక్కువ ఉంటే మార్చకండి. ఎక్కువ ఉంటే, పాత కోడ్‌తో నడిచే బండిని అలాగే ఉంచి, రెండో బోర్డు మీద కొత్తది మొదలుపెట్టండి. ఆరో మెట్టులోని నాలుగు పరీక్షలూ కొత్తది నెగ్గాకే పాతది తీసేయండి.

పెద్ద పిల్లలు వెళ్లిపోయే ముందు ఒక రోజు కేటాయించండి. తొమ్మిదో తరగతివాళ్లకి నోట్‌బుక్, పెన్‌డ్రైవ్, ఖాళీ బోర్డు ఇచ్చి, సాఫ్ట్‌వేర్ వేయడం దగ్గర్నుంచి బండి నడిపేదాకా వాళ్లచేతే చేయించండి. పెద్దవాళ్లు పక్కన కూర్చోవాలి, కీబోర్డు ముట్టుకోకూడదు. ఎక్కడ ఆగిపోయారో ఆ మెట్టు నోట్‌బుక్‌లో రాసి ఉండదు, అది అప్పుడే రాయించండి. సంక్రాంతి సెలవుల తర్వాత పదో తరగతివాళ్లు దొరకరు, కాబట్టి ఈ పని డిసెంబరులోనే పెట్టుకోండి.